కొనుగోలా, సేకరణా, ప్రొక్యూర్‌మెంటా? ఏ పనికి ఏ మాట రాయాలి

పోయిన వానాకాలం ముందు మా మేనకోడలు ఫోన్ చేసింది. చండూరు దగ్గర వాళ్ల ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి రైతు ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నారు. సభ్యులకు కావలసిన ఎరువులు, విత్తనాలు ఒక్కసారే తెప్పించడం, వాళ్ల పల్లీలు, బత్తాయి కలిపి మంచి ధరకు అమ్మిపెట్టడం సంఘం పని. సరుకు బాధ్యత ఈ పిల్ల మీద పెట్టారు.

"మామా, రబ్బరు స్టాంపు చేయించాలె. నా పేరు కింద పర్చేజ్ ఇన్‌ఛార్జ్ అని పెట్టాల్నా, ప్రొక్యూర్‌మెంట్ ఇన్‌ఛార్జ్ అనా? తెలుగుల ఏం రాయాలె? కొనుగోలా, సేకరణా?"

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు ఇరవై ఏళ్లు రాసినవాణ్ణి నేను. ఈ మాటలన్నీ రోజూ రాశాను. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించి, నిఘంటువులు తిరగేసి చెప్పిన సంగతులే ఇవి. ఇలాంటి సంఘాల్లో పనిచేసేవాళ్లకు, ఉద్యోగాలకు అప్లై చేసే కామర్స్ పిల్లలకు పనికొస్తాయని రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్తాను. సరుకు మీదైపోతే, డబ్బు మీదైతే అది కొనుగోలు. ఇంకొకరి కోసం, ఇంకొకరి డబ్బుతో, వాళ్ల మేలు చూస్తూ తెచ్చిపెడితే ప్రొక్యూర్‌మెంట్. పది చేతుల నుంచి కొంచెం కొంచెంగా ఒకచోటికి చేరిస్తే సేకరణ. మాట ఎంచుకునేముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ సరుకు ఎవరి కోసం?

కొను: తనకోసం తీసుకోవడం

మన "కొను" పాత ద్రావిడ మాట. తమిళంలో "కొళ్", కన్నడంలో "కొళ్ళు". నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. దీనికి మొదటి అర్థం డబ్బిచ్చి తీసుకోవడం కాదు, ఊరికే "తీసుకోవడం". చేకొను, కైకొను, గైకొను అనే మాటల్లో ఆ పాత అర్థం అలాగే ఉంది. వాటిలో ఎక్కడా పైసల ప్రస్తావన లేదు. కొను పక్కన అదే మూలం నుంచి వచ్చిన "కోలు" చేరి "కొనుగోలు" అయ్యింది.

ఇంకో సంగతి మనం రోజూ వాడుతూ గమనించం. రాయు, రాసుకొను. వండు, వండుకొను. చేయు, చేసుకొను. "కొను" చేరగానే ఆ పని తనకోసం చేసినట్టు అవుతుంది. డాక్టరు మందు రాశాడు, నేను పేరు రాసుకున్నాను. ఎవరికోసం అన్న లెక్క తెలుగు క్రియలోనే ఉంది. కాబట్టి కొనుగోలు అన్నప్పుడు, మాట మూలం ప్రకారమే, తీసుకున్నవాడు తనదిగా చేసుకున్నాడని అర్థం.

చట్టమూ దాదాపు ఇదే చెప్తుంది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం ప్రకారం, ధర తీసుకుని సరుకు మీది హక్కును అవతలివాడికి మార్చడమే అమ్మకం. హక్కు ఎవరిదో నష్టమూ వాళ్లదే అని అదే చట్టంలో 26వ సెక్షన్ అంటుంది, వేరే ఒప్పందం ఉంటే తప్ప.

ఈ చివరి వాక్యం విలువ యాసంగి వడ్లు తెచ్చిన రైతుకు తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సెంటర్లో కుప్ప పోసి, తేమ పదిహేడు శాతానికి దిగేదాకా ఆరబోస్తాడు. ఇవాళ కాంటా, రేపు కాంటా అంటూ రోజులు గడుస్తాయి. ఒక రాత్రి గాలివాన వస్తుంది. పొద్దున చూస్తే కుప్ప కింద నీళ్లు. అప్పుడు ఆ వడ్లు ఎవరివి? ఫ్లెక్సీ మీద "వరి ధాన్యం కొనుగోలు కేంద్రం" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కానీ కాంటా కానంతవరకు అక్కడ కొనుగోలు జరగనే లేదు. వడ్లు రైతువే, తడిసిన నష్టమూ రైతుదే. కాంటా అయ్యాక కూడా లారీ మిల్లుకు చేరి, అక్కడ తూకం ఒప్పుకునేదాకా రైతు గుండె కుదుటపడదు. "సెంటర్ల పోసినం కదా, ఇంక సర్కారుదే" అనుకుని టార్పాలిన్ కప్పకుండా ఇంటికి పోయినవాళ్లను నేను చూశాను. బోర్డు మీది మాటను నమ్మారు వాళ్లు. అందుకే ఎప్పుడు కొన్నట్టు లెక్క అన్నది బోర్డు కింద ఒక్క లైను రాసి పెట్టాలని నా కోరిక. "కాంటా అయ్యి రసీదు ఇచ్చే వరకు ధాన్యం రైతుదే, దయచేసి కప్పి ఉంచండి" అంటే చాలు.

ప్రొక్యూర్‌మెంట్: ఇంకొకరి బాగు చూడడం

ఈ మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. లాటిన్‌లో "ప్రో" అంటే ఒకరి తరఫున, "కూరా" అంటే శ్రద్ధ, బాగోగులు చూడడం. రెండూ కలిస్తే "ప్రోకూరారే": ఇంకొకరి తరఫున వాళ్ల పని చూసుకోవడం. అదే "కూరా" మనం రోజూ వాడే చాలా ఇంగ్లీషు మాటల్లో ఉంది. జబ్బుకు చేసే క్యూర్, మ్యూజియం చూసుకునే క్యురేటర్, శ్రద్ధగా చేసిన పనికి అక్యురేట్, చింత లేకుండా ఉండడానికి సెక్యూర్.

రోమన్ సామ్రాజ్యంలో ప్రొక్యురేటర్ అంటే చక్రవర్తి తరఫున రాష్ట్రాల్లో పన్నులు, ఖజానా వ్యవహారాలు చూసే అధికారి. తనకంటూ ఏమీ కొనడు, అంతా చక్రవర్తి పేరు మీదే. ఒకరి బదులు ఓటు వేసే "ప్రాక్సీ" కూడా ఈ కుటుంబంలోదే. ఆఫీసు ఉత్తరాల కింద సంతకం పక్కన కొందరు "పి.పి." అని రాస్తారు, అదీ అంతే. లాటిన్‌లో "పెర్ ప్రోకురాత్సియోనెమ్", అంటే ఫలానావారు ఇచ్చిన అధికారంతో, వారి తరఫున.

సరుకులు తెప్పించడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. మొదటి అర్థం మాత్రం పోలేదు. సర్కారు కొనేదాన్ని పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ అనడంలో అదే ఉంది. కొనేది ఆఫీసరే అయినా డబ్బు ఆయనది కాదు, సరుకూ ఆయనది కాదు. అందుకే టెండరు, కొటేషన్లు, ఆడిట్. సొంతానికి కొనేవాడు తెలిసిన షాపులో నచ్చిన ధరకు కొనుక్కోవచ్చు, అడిగేవాళ్లు లేరు. ఇంకొకరి కోసం కొనేవాడు ఎందుకు ఆ షాపు, ఎందుకు ఆ ధర అని జవాబు చెప్పుకోవాలి.

ఇప్పుడు ఆ వడ్ల సెంటర్‌ను, మహిళా సంఘాలు నడిపే ఐకేపీ సెంటర్‌ను, మళ్లీ చూడండి. అక్కడ కూర్చున్న మహిళా సంఘం వడ్లు కొంటున్నదా? లేదు. సంఘానికి క్వింటాలుకు ఇంత అని కమిషన్ వస్తుంది. కొనేది పౌర సరఫరాల సంస్థ. ఆ వడ్లు మిల్లుకు పోతాయి, కానీ మిల్లు కూడా కొనదు. పచ్చి బియ్యమైతే క్వింటాలు వడ్లకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఆడించి తిరిగి అప్పజెప్పాలి. కస్టమ్ మిల్లింగ్ అంటే అదే. ఆ బియ్యం ఎఫ్‌సీఐకో రాష్ట్రానికో చేరి చివరికి రేషన్ షాపుకు వస్తుంది. రైతు అమ్మాడు, సంస్థ కొన్నది, మధ్యలో సంఘం ప్రొక్యూర్ చేసింది, మిల్లు ఆడించింది. ఒకే వడ్లకుప్ప చుట్టూ నాలుగు పనులు. వీటన్నిటినీ "కొనుగోలు" అనేస్తే, డబ్బులు లేటైనప్పుడు రైతు వెళ్లి సంఘం ఆడవాళ్ల మీద పడతాడు. వాళ్ల చేతిలో ఏముంటుంది? పాపం వాళ్లూ మన ఊరి మనుషులే.

తెలుగులో దీనికి సరైన మాట లేదా అని మా పిల్ల అడిగింది. నాకు తట్టింది "సమకూర్చు". పెళ్లికి కావలసినవన్నీ మేనమామ సమకూర్చాడు అంటాం. తనకోసమైతే "సమకూర్చుకున్నాడు" అంటాం. అదే కొను చేరింది, చూశారా? లాటిన్ మాట "ప్రో" తగిలించి చెప్పినదాన్ని తెలుగు "కొను" తీసేసి చెప్తుంది. క్రియగా ఇంతకంటే చక్కని మాట నాకు దొరకలేదు. కానీ "సమకూర్పు విభాగం" అని బోర్డు పెడితే చదివినవాళ్లు ఆగిపోతారు. బోర్డుకు ప్రొక్యూర్‌మెంట్ అని తెలుగు అక్షరాల్లో రాయండి, మాట్లాడేటప్పుడు, తీర్మానాలు రాసేటప్పుడు సమకూర్చు వాడండి.

సేకరణ: పాలకు సరే, వడ్లకు వద్దు

పేపర్లలో "ధాన్యం సేకరణ" అని వస్తుంది. ఊళ్లో ఒక్క రైతు నోట ఆ మాట విన్నారా? "మా వడ్లు కొంటలేరు" అంటాడు తప్ప "సేకరించడం లేదు" అనడు.

సేకరించడం అంటే అక్కడక్కడ ఉన్నదాన్ని ఒకచోట చేర్చడం. ధర ఊసు అందులో లేదు, ఇచ్చేవాడి ఇష్టం ఊసూ లేదు. వివరాలు సేకరిస్తారు, సంతకాలు సేకరిస్తారు. పాల సేకరణ కేంద్రం అంటే అతికినట్టు సరిపోతుంది. పొద్దున్నే ఒకరు రెండు లీటర్లు, ఒకరు అయిదు లీటర్లు తెచ్చి పోస్తారు, అవన్నీ ఒక క్యాన్‌లో కలుస్తాయి.

నల్లమలలో ఈ మాటకు ఇంకో కోణం ఉంది. అమ్రాబాద్, మన్ననూరు వైపు చెంచులు కొండచరియలకు తాళ్లు కట్టుకుని దిగి తేనె తీస్తారు, తపసి బంక గీస్తారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ వాటిని కొంటుంది. కాగితాల్లో రెండిటినీ "అటవీ ఉత్పత్తుల సేకరణ" అనే రాస్తారు. ప్రాణం తాడుకు కట్టి తేనె తెచ్చినవాడిదీ సేకరణే, కాంటా పెట్టి తూచినవాడిదీ సేకరణే. నాకు ఇది న్యాయంగా అనిపించదు. తెచ్చినవాడు సేకరించాడు, తూచినవాడు కొన్నాడు అని రాస్తే, ఎవరి కష్టం ఎంతో కాగితం మీదైనా తెలుస్తుంది.

పాలమూరులో, నల్లగొండలో "సేకరణ" అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది భూసేకరణ. ప్రాజెక్టు కింద భూమి పోయిన ఇంట్లో ఆ మాట ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇంకా వెనక్కి పోతే లెవీ. నిజాం కాలంలో రైతు గింజలను సర్కారు లెవీ కింద తీసుకుపోయేది. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ ఊళ్లు పోరాటంలోకి దిగడానికి ఆ గింజలూ ఒక కారణం. ఆ తర్వాత చాలా ఏళ్లకు లెవీ అనే మాట మిల్లర్లకు మారింది. వాళ్లు కొన్న వడ్ల బియ్యంలో ఇంత వంతు సర్కారుకు ఇవ్వాలనేవాళ్లు. 2015లో అదీ పోయింది. ఇచ్చేవాడికి నోరు లేని మాటలు ఇవన్నీ. రైతు తన పంటకు ధర అడిగి ఇస్తున్న చోట "సేకరణ" రాయవద్దని నా గట్టి సలహా.

ఈ మాట వల్ల మా ఇంట్లోనే నష్టం జరిగింది. చాలా ఏళ్ల కింద పాలమూరు వైపు ఉండే మా బావ పల్లికాయ ఒక వ్యాపారికి తోలాడు. ఇచ్చిన చిట్టీలో "ఇన్ని బస్తాలు సేకరించడమైనది" అని ఉంది. ధర రాయలేదు. పదిహేను రోజుల్లో రేటు పడిపోయింది. డబ్బుకు పోతే, "మేము కొనలేదు, మీ తరఫున అమ్మిపెడదామని పెట్టుకున్నం, ఇవాళ్టి రేటే వస్తది" అన్నారు. చిట్టీలో కొన్నట్టు ఎక్కడుంది? పెద్దమనుషుల్లో పెట్టినా నిలబడలేదు. ఒక్క మాట తేడాకు ఆ ఏడు అప్పు తీరలేదు.

పర్చేజ్, సోర్సింగ్, ఖరీదు

పర్చేజ్ పాత ఫ్రెంచిలో "పోర్షసియే" నుంచి వచ్చింది. వెంటపడి పట్టుకోవడం అని అర్థం. వేట మాట అది, ఇంగ్లీషు "చేజ్" కూడా అందులోదే. ఇంగ్లాండు భూమి చట్టంలో వారసత్వంగా రాకుండా సొంతంగా సంపాదించుకున్న ఆస్తిని పర్చేజ్ అనేవారు, మనం స్వార్జితం అన్నట్టు. ఇప్పుడు ఆఫీసుల్లో దీని అర్థం ఇరుకైంది: ఆర్డరు ఇవ్వడం, వచ్చిన సరుకు చూసుకోవడం, బిల్లుతో సరిపోల్చి డబ్బు కట్టడం. అంతవరకే పని అయితే పర్చేజ్ చాలు.

సోర్సింగ్‌కు మూలమైన "సోర్స్" అంటే ఊట, నీరు పైకి లేచే చోటు. ఈ మాట నల్లగొండవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎక్కడ నీళ్లు పడతాయి, ఎండాకాలం ఉంటాయా, తాగొచ్చా అని మూడు ప్రశ్నలు వేసుకోకుండా మనం బోరు వేయం. మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్లు కంటికి తేటగానే ఉండేవి, నోటికీ బాగుండేవి. ఫ్లోరైడ్ సంగతి ఎముకలు వంగాక తెలిసింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. సరుకు ఇచ్చేవాణ్ణి వెతికేటప్పుడూ అంతే, శాంపిల్ పరీక్ష చేయించకుండా తేట చూసి నమ్మకూడదు. ఎవరి దగ్గర తేవాలో వెతకడం, పరీక్షించడం, బేరం కుదుర్చుకోవడం వరకు సోర్సింగ్. ఆ తర్వాతిది పర్చేజ్. అవసరం పుట్టినప్పటి నుంచి సరుకు వాడేవాళ్ల చేతికి చేరేదాకా అంతా కలిపితే ప్రొక్యూర్‌మెంట్.

ఖరీదు పారసీ మాట, అక్కడ దాని అర్థం కొనడమే. కోస్తా వైపు ధర అనే అర్థంలోనే నిలిచింది. మన యార్డుల్లో పాత అర్థం బతికే ఉంది. సూర్యాపేటకో బాదేపల్లికో వెళ్తే సరుకు కొనేవాడు ఖరీదుదారు, రైతు తరఫున అమ్మిపెట్టేవాడు అడ్తిదారు. మార్కెట్ యార్డు ఈ ఇద్దరినీ ఎప్పుడో విడదీసి పేర్లు పెట్టుకుంది. కాగితం మీద ఆ తేడాను మనమే చెరిపేశాం. ఇలాంటిదే బైనామా. అరబ్బీలో "బై" అంటే అమ్మకం. మనం పొలానికి ఇచ్చే బయానా, తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాల, అంటే సాదాబైనామాల, గొడవ, రెండూ ఆ చిన్న మాట నుంచి పుట్టినవే.

ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్లకు

బయోడేటాలో చేసిన పనికి మించిన మాట రాయకండి. ఆర్డర్లు, బిల్లులు మాత్రమే చూసి ఉంటే పర్చేజ్ అసిస్టెంట్ అనే రాయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ప్రొక్యూర్‌మెంట్ అని రాస్తే ఇంటర్వ్యూలో సప్లయర్లను ఎలా ఎంచుకున్నారు, ఎంత మిగిల్చారు అని అడుగుతారు. ఇంకో జాగ్రత్త: పర్చేజ్ చేసేవాణ్ణి పర్చేజర్ అన్నట్టు "ప్రొక్యూరర్" అని మాత్రం రాయొద్దు. ఇంగ్లీషులో ఆ మాటకు ఆడవాళ్లను వ్యభిచారంలోకి దింపే దళారి అనే అర్థం ఉంది. 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టంలో "ప్రొక్యూరింగ్" నేరంగానే వస్తుంది. ప్రొక్యూర్‌మెంట్ ఆఫీసర్, ఎగ్జిక్యూటివ్ అని రాస్తే ఏ ఇబ్బందీ లేదు.

మా మేనకోడలికి చెప్పింది

మీ సంఘం చేసేవి రెండు పనులు, రెండిటికీ ఒకే మాట పెట్టొద్దన్నాను.

ఎరువులు, విత్తనాలు తెచ్చేటప్పుడు సభ్యులు ముందే డబ్బు జమ చేస్తున్నారు. సంఘం లాభం చూసుకోవడం లేదు. కనుక నువ్వు ప్రొక్యూర్‌మెంట్ ఇన్‌ఛార్జివి, స్టాంపు మీద అదే కొట్టించు. మూడు షాపుల రేట్లు తీసుకుని ఫైల్లో పెట్టు. నీ సొంత డబ్బుతో తెస్తే ఆ అవసరం లేదు. ఇది వాళ్ల డబ్బు.

పల్లీలు, బత్తాయి సంగతి వేరు. వాటిని మీరు కొనడం లేదు, వాళ్ల తరఫున అమ్మిపెడుతున్నారు. 1872 కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ప్రకారం మీరు ఏజెంట్లు, రైతు యజమాని. అక్కడ కొనుగోలు అని రాస్తే రేటు పడిన రోజు సంఘం మునుగుతుంది. సేకరణ అని రాస్తే మా బావకు జరిగినట్టు రైతు మునుగుతాడు. "అమ్మకానికి అప్పగింత రసీదు" అని వేరే పుస్తకం అచ్చు వేయించమన్నాను. బస్తాలు, తూకం, తేదీ, కమిషన్ ఎంత, ఇంతకు తక్కువైతే రైతును అడగకుండా అమ్మకూడదనే ధర, ఇవన్నీ అందులో ఉండాలి.

దసరా తర్వాత వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఆ పుస్తకం తెచ్చి చూపించింది. నేను చెప్పినవన్నీ ఉన్నాయి. కింద ఇంకో లైను తనే కలిపింది: "ఈ సరుకు అమ్ముడుపోయే వరకు రైతుదే. వానకు కప్పే బాధ్యత మాత్రం సంఘానిది." ఆ రెండో వాక్యం నాకు తట్టలేదు. సంఘం ఆడవాళ్లు మీటింగులో కూర్చుని పెట్టించారట.